రాజుల జత ఎందుకు పడేశావు

"మా అన్వర్ కంప్యూటర్లలో పనిచేస్తాడు," అని మా అత్తగారు హజ్జా జుహూర్ మెట్ల మీద నిలబడి కింది వాటా లల్లా ఖద్దూజ్‌కి చెబుతోంది. శుక్రవారం పొద్దున. నేను వంటింట్లో కుస్కుస్ రవ్వకి మొదటి ఆవిరి పట్టించి, వెడల్పాటి మట్టి పళ్ళెంలో కుమ్మరించి, వేళ్ళు కాలుతున్నా ఉండలు చిదుపుతున్నాను. కంప్యూటర్లలో పనిచేస్తాడట. అన్వర్ చేసేదల్లా కంప్యూటర్ ముందు కూర్చుని ఎక్కడెక్కడి దేశాలవాళ్ళతోనో పేకాడటం. పోకర్. కాసాబ్లాంకాలో ఆ మాట మెట్ల మీద పైకి అనేది కాదు కాబట్టి, పెళ్ళి మాటలప్పుడు మా అమ్మానాన్నలకి కూడా కంప్యూటర్లనే చెప్పారు. పెళ్ళయిన నెలకి గాని ఏ కంప్యూటర్లో ఏ పనో నాకు తెలియలేదు. అప్పుడు కూడా అత్తగారు, "పని పనే కదమ్మాయ్, ఇంటిపట్టున ఉంటాడు, అది చూడు," అంది. ఇంటిపట్టున ఉండే మగవాడికి రోజుకి ఎన్నిసార్లు టీ కావాలో అప్పుడు ఆవిడ చెప్పలేదు.

పెళ్ళికి ముందు నుంచీ నేను కాల్ సెంటర్లో పనిచేసేదాన్ని. ఫ్రాన్సులో వాళ్ళకి ఫోన్ చేసి ఇంటర్నెట్ అమ్మడం. వియామ్ అంటే ఫోన్ పెట్టేస్తారని అక్కడ నా పేరు సోఫీగా మార్చారు. ఐదేళ్ళలో నాకు ఒకటి పట్టుబడింది. అవతలి మనిషి మాట్లాడేముందు ఎంతసేపు ఆగాడు అన్నదాన్నిబట్టి కొంటాడో, విసుక్కుంటాడో, భార్యని అడిగి చెబుతానని అబద్ధమాడతాడో చెప్పగలిగేదాన్ని. "రోజంతా పరాయి మగాళ్ళతో మాటలేమిటి, అదీ సోఫీ అని పేరు పెట్టుకుని," అన్నాడు అన్వర్. మానేశాను. మానేసిన వారానికే, "ఊరికే కూర్చున్నావు కదా, వీళ్ళ ఆటలు కాస్త చూసిపెట్టు," అని వేల ఆటల రికార్డులు నా ముందు పడేశాడు. ఆ వేల ఆటల్లోనూ ఉన్నది పరాయి మగాళ్ళే. వాళ్ళ గురించి అతనికి అభ్యంతరం లేకపోయింది.

నీలం అట్ట నోటుబుక్కు ఒకటి పెట్టుకున్నాను. ఆటగాడికో పేజీ. ఎదుటివాడి చేతిలో ఏ రెండు ముక్కలున్నాయో ఎవరికీ తెలియదు. తెలుసు అన్నవాడు కోతలు కోస్తున్నట్టే. మనం తెలుసుకోగలిగింది ఏమేం ఉండే వీలుందో, అంతే. ఆ జాబితానే రేంజి అంటారు. మొదట్లో వంద జతలు ఉండొచ్చు. వాడు పందెం పెంచితే అందులో సగం కొట్టేయొచ్చు. ఇంకో ముక్క తిరగేశాక వాడు తటపటాయిస్తే ఇంకొన్ని పోతాయి. అలా కొట్టేసుకుంటూ పోతే చివరికి మూడో నాలుగో మిగులుతాయి. నాకు ఆ పని ఎంత నచ్చిందంటే, పప్పు ఏరుతూ కూడా మనసులో అదే చేసేదాన్ని. అన్వర్‌కీ ఒక పేజీ పెట్టాను. పెళ్ళయిన కొత్తలో అతని జాబితా చాలా పెద్దది. మాట్లాడకపోతే సిగ్గేమో అనుకున్నాను. అరిస్తే అలసటేమో, నా పని తనదిగా చెప్పుకుంటే మరుపేమో. ఏడాదికి కొన్ని కొట్టేస్తూ వచ్చాను. మూడేళ్ళకి ఒకటే మిగిలింది. అది నేను మొదటి ఏడాది నుంచీ చూస్తూ కూడా నమ్మడానికి వెనకాడినది. ఈ మనిషికి నా గురించి ఆలోచనే లేదు. చెడ్డ ఆలోచన కూడా లేదు.

అన్వర్ కుర్రాళ్ళకి వీడియోలో పాఠాలు చెబుతాడు, ఎదుటివాణ్ణి చదవడం ఎలా అని. పాఠం నేను ఫ్రెంచిలో రాసిస్తాను, అతను కెమెరా ముందు చదువుతాడు. ముందుగా ఒకసారి చూసుకోవడం అన్నది లేదు. ఓసారి కాగితం అడుగున నేను సరుకులు రాసుకున్నాను. అన్వర్ గంభీరంగా, "చివరి ముక్క పడ్డాక తొందరపడకండి. పుదీనా, బట్టల సబ్బు, అమ్మ బీపీ మాత్రలు," అని అదే గొంతుతో చదివేశాడు. కుర్రాళ్ళు జోకు అనుకుని నవ్వారు. తనూ నవ్వాడు. తర్వాత వంటింట్లోకి వచ్చి, "కాగితాలు సరిగ్గా పెట్టుకోవడం కూడా రాదా నీకు? నా పరువు తీస్తావా?" అని అరిచాడు. ఆ మర్నాడే ఇంకో కాగితం ఇస్తే, అదీ చూడకుండానే చదివాడు. నీలం నోటుబుక్కులో అతని పేజీలో ఆ సంగతి రాసి కింద గీత గీశాను.

నాకు నేనుగా ఆడాలని ఉందని ఒకసారి అడిగాను. టీ తాగుతూ, తల ఎత్తకుండా, "ఒక ఇంటికి ఒకటే కుర్చీ. సైటు రూలు. నేను పెట్టింది కాదు," అన్నాడు. నేను రూల్సన్నీ కూర్చుని చదివాను. ఒకే ఇంట్లోంచి ఇద్దరు ఒకే బల్ల దగ్గర కూర్చోకూడదని మాత్రమే ఉంది. అతను చదివి ఉండడు. చదివినా అలాగే అనేవాడు.

అంతలో రంజాన్ వచ్చింది. నెలవంక కనిపించిన సాయంత్రం అన్వర్ స్నానం చేసి, పొడుగాటి తెల్ల జెల్లాబా వేసుకుని, అత్తరు రాసుకుని, "ఈ నెల నేను పేకముక్క ముట్టుకోను. పాపం," అన్నాడు. సరే అన్నాను. "నెలంతా ఆడకపోతే సైటు పట్టికలో నా స్థానం పోతుంది," అన్నాడు మళ్ళీ. "మధ్యాహ్నాలు నువ్వు కూర్చో."

"మరి నాకు పాపం కాదా?"

"నువ్వు ఆడుతున్నావా ఏంటి? నా బదులు మీటలు నొక్కుతున్నావు, అంతే."

అత్తగారు సోఫాలో తస్బీహ్ పూసలు తిప్పుతూ ఈ మాటలన్నీ విని, "వాడు చెప్పాడుగా అమ్మాయ్," అంది. ముప్ఫై రోజులు నేను కూడా ఉపవాసం ఉండి, హరీరా పులుసు పొయ్యి మీద పెట్టి, ఖర్జూరాల గింజలు తీసి, మధ్యలో పరిగెత్తుకొచ్చి అన్వర్ పేరుతో ఆడాను. ఆ ముప్ఫై రోజులూ నేను ఎంత సుఖపడ్డానో చెప్పుకోవడానికి నాకు ఎవరూ లేరు. నోటుబుక్కులో ఉన్నవాళ్ళంతా ఒక్కొక్కరే వచ్చి నా ఎదుట కూర్చున్నారు. అందరికంటే గట్టివాడు లిస్బన్ నుంచి అజులేజు అన్న పేరుతో ఆడేవాడు. అతని పేజీలో, "ఓడినా కోపం రాదు. తొందరపడడు. మంచి ముక్కలు వచ్చినప్పుడు మాత్రం ఆలోచిస్తున్నట్టు నటిస్తాడు, పదకొండు సెకన్లు," అని రాసుకున్నాను. ఇరవయ్యో రోజున నా చేతిలో రాజుల జత ఉంది. అజులేజు పదకొండు సెకన్లు ఆగి పందెం పెంచాడు. నేను రాజుల్ని పడేసి ఆ ఆట వదులుకున్నాను. అతను తన ముక్కలు చూపించాడు. రెండూ ఆసులే, రాజుల జతని మించిన ఒకే ఒక్క జత.

సాయంత్రం ఉపవాసం విడిచాక అన్వర్ ఆ ఆట చూసి పళ్ళెం నెట్టేశాడు. "రాజుల జత ఎందుకు పడేశావు? ఎవరైనా పడేస్తారా? పొయ్యి మీద పులుసు మాడుతోందని లేచిపోయి ఉంటావు." ఆ పులుసు జోకు స్నేహితులందరికీ చెప్పాడు. నెలాఖరుకి తన స్థానం ఎన్నడూ లేనంత పైకి పోయిందని తెరమీద కనిపించినప్పుడు, "రంజాన్‌లో అందరూ ఆకలి మీద ఉంటారు, అడ్డదిడ్డంగా ఆడతారు. గాడిదని కూర్చోబెట్టినా గెలుస్తుంది," అన్నాడు. లిస్బన్‌లో, వార్సాలో ఎవడికి ఉపవాసం అని నేను అడగలేదు. ఈద్ అయ్యాక మళ్ళీ తనే కూర్చున్నాడు. మూడో రోజున అజులేజు తెరమీద బల్ల పక్కన ఉండే చాట్‌లో ఒక మాట రాశాడు: "నెలరోజులు ఎంత బాగా ఆడావు. మళ్ళీ మామూలైపోయావేం?" అన్వర్ అది చూసి, "కుళ్ళు," అన్నాడు.

తర్వాత లిస్బన్ నుంచి ఉత్తరం వచ్చింది. అక్కడ ఆటగాళ్ళ బృందం ఒకటి ఉంది. వాళ్ళకి ఎదుటివాళ్ళ ఆట చదివి చెప్పే మనిషి కావాలి. రంజాన్ నెలలో ఆడిన ఎనిమిది ఆటలు ఏరి పంపారు. ఒక్కొక్కదానిలో ఎందుకలా చేశావో శుక్రవారం మధ్యాహ్నం వీడియోలో చెప్పాలట. నచ్చితే ఉద్యోగం. ఎనిమిదో ఆట రాజుల జతది. అన్వర్ ఇల్లంతా తిరిగాడు, తల్లి నెత్తి మీద ముద్దు పెట్టాడు, నా దగ్గరికొచ్చి, "ఎనిమిదీ రాసిపెట్టు. ఆ రాజుల సంగతి బాగా రాయి, వాళ్ళకి అదే ముఖ్యం," అన్నాడు. పులుసు మాడిందని రాయనా అని నోటిదాకా వచ్చింది.

ఏడు కాగితాలు నిజాయితీగా రాశాను. ఎనిమిదోది రాయడానికి రెండు రోజులు పట్టింది. రాయలేక కాదు. అతనికిస్తే ఆ ఒక్క ఆలోచన కూడా నాది కాకుండా పోతుంది, ఇవ్వకపోతే ఆ ఉద్యోగం ఎవరికీ రాదు. చివరికి నీలం నోటుబుక్కు తీసి అన్వర్ పేజీ చదివి, గీత గీసిన చోట ఆగాను. అతను ముందుగా చూసుకుంటే నా పని అయిపోయినట్టే, ఈ ఇంట్లో ఉండనివ్వడు. చూసుకోడని వందకి తొంభై పాళ్ళు నా అంచనా. రాశాను.

శుక్రవారం అన్వర్ మసీదు నుంచి వచ్చి, ఏడు కూరగాయల కుస్కుస్ రెండుసార్లు వడ్డించుకుని తిని, త్రేన్చి, "గుమ్మడికాయ ఉడకలేదు," అని లేచి కుర్చీలో కూర్చున్నాడు. కాగితాలు పక్కన పెట్టాను. పైదాని మీద టీ గ్లాసు పెట్టాడు. అత్తగారు కొడుకుని చూసుకోవడానికి సోఫాలో సర్దుకుంది. నేను వంటింట్లోకి వెళ్ళి మట్టి పళ్ళెం కడగడం మొదలుపెట్టాను. తెరలోంచి ఆడగొంతు వినిపించింది. "నా పేరు గ్రాసా. బృందం నాదే. మీకు నేను అజులేజుగా తెలుసు."

రెండేళ్ళుగా నా నోటుబుక్కులో నేనూ ఆ మనిషిని మగవాడనే రాసుకున్నాను. ఎవరూ చెప్పలేదు, నేనే అనేసుకున్నాను. అన్వర్‌ని తిట్టుకోవడానికి దాచుకున్న మాటల్లో ఒకటి నా మీదే ఖర్చయింది.

ఏడు కాగితాలూ అన్వర్ చక్కగా చదివాడు. గ్రాసా మధ్యమధ్య ఊఁ కొట్టింది. "ఇక ఎనిమిదోది. రాజుల జత ఎందుకు పడేశారు? ఆరోజు నుంచీ అదే ఆలోచిస్తున్నాను," అంది. కాగితం తిప్పిన చప్పుడు. కుళాయి కట్టేశాను. అన్వర్ పాఠం చెప్పే గొంతుతో మొదలుపెట్టాడు.

"ఈ ఆట గురించి నేనేమీ చెప్పలేను. ఎందుకంటే రంజాన్ నెలలో ఈ కుర్చీలో నేను కూర్చోలేదు. ఈ ఎనిమిది ఆటలూ ఆడింది, ఇప్పటిదాకా నేను చదివినదంతా రాసింది నా భార్య వియామ్. ఆవిడ ఇప్పుడు వంటింట్లో ఉంది. పిలిస్తే వస్తుంది."

చివరి మాటదాకా చదివాడు. చదివాక గాని తనేం చదివాడో తన చెవిన పడలేదు.

ఫ్రెంచి ముక్క రాని అత్తగారు, "ఎంత బాగా చదివాడో నా బిడ్డ, దిష్టి తగలకుండా," అంది. తెరలోంచి గ్రాసా నెమ్మదిగా, "అయితే పిలవండి," అంది.

అతను పిలవలేదు. నేను చేతులు తుడుచుకుని వెళ్ళాను. అన్వర్ కాగితం వైపూ నా వైపూ చూస్తున్నాడు. మూడేళ్ళలో నన్ను అంత శ్రద్ధగా చూడటం అదే మొదటిసారి.

"లే, అన్వర్," అన్నాను. "ఒక ఇంటికి ఒకటే కుర్చీ అని నువ్వేగా అన్నావు."

లేచాడు. కుర్చీ ఇంకా వెచ్చగా ఉంది. టీ గ్లాసు పక్కకి జరిపి కూర్చున్నాను. తెరలో నెరిసిన జుట్టుతో ఒక ఆవిడ, చేతిలో పెన్నుతో నా మొహంలోకి చూస్తోంది.

"చెప్పు వియామ్. రాజుల జత ఎందుకు పడేశావు?"

"మీరు పదకొండు సెకన్లు ఆగారు," అన్నాను.