తిరిగొచ్చిన యంత్రాల గది

పన్నెండేళ్ళ తర్వాత, తను పెట్టిన కంప్యూటర్ల కంపెనీకి ఆవిడ మళ్ళీ వచ్చిన రోజున, గేటు దగ్గర కాపలాదారు ఆపి, "ఎవరికోసమమ్మా?" అని అడిగాడు.

"పనిలో చేరదామని వచ్చాను," అంది ఆవిడ.

అతను ఆవిడ నెరిసిన జుట్టు వంకా, చేతిసంచి వంకా చూసి, నమ్మీనమ్మనట్టుగా పుస్తకంలో సంతకం పెట్టించుకున్నాడు.

ఆ కంపెనీని ఆవిడా, ఆవిడ తమ్ముడూ కలిసి రెండు అద్దెగదుల్లో మొదలుపెట్టారు. పెరిగి పెద్దదయ్యాక, ఈవిడ మొండితనంతో వేగలేమని డైరెక్టర్లంతా ఒక్కటై ఆవిణ్ణి సాగనంపారు. ఆనాటి సమావేశంలో చివరగా లేచిన చెయ్యి తమ్ముడిది. చివరగానైనా లేచింది. అప్పట్నుంచీ వాళ్ళిద్దరి మధ్యా మాటల్లేవు. ఇప్పుడు కంపెనీ మునిగిపోయే స్థితికి వచ్చేసరికి, ఆ డైరెక్టర్లే ఇంటికొచ్చి బతిమాలారు.

"మీరు ఏ అధికారం అడిగితే అది ఇస్తాం," అన్నారు.

"ఇవ్వండి. పై అంతస్తులో గది మాత్రం వద్దు," అంది ఆవిడ.

కింద, సరుకు దించే చోటికి పక్కన ఒక పొడుగాటి గది ఉంది. కొన్నవాళ్ళు బాగులేవని తిప్పి పంపిన కంప్యూటర్లన్నీ అక్కడే పేర్చేవారు. ఆవిడ ఆ గదిలో ఒక బల్ల వేయించుకుని, స్క్రూడ్రైవర్ పట్టుకుని కూర్చుంది. ఫైళ్ళు తెమ్మనలేదు, ఉపన్యాసాలివ్వలేదు. ఒకే ఒక్క నియమం పెట్టింది. ప్రతి సోమవారం ఒక్కో పెద్ద ఉద్యోగి ఆ గదికి రావాలి. ఒక యంత్రాన్ని తన చేత్తో విప్పి, జబ్బేమిటో కనుక్కుని, దాని యజమానికి స్వయంగా ఫోన్ చేసి, తన పేరు చెప్పి క్షమాపణ అడగాలి.

మొదటి సోమవారం వచ్చిన అమ్మకాల అధికారికి స్క్రూ ఎటు తిప్పాలో తెలియలేదు.

"పదేళ్ళుగా ఇవే అమ్ముతున్నాను మేడం, ఒక్కసారీ లోపల చూళ్ళేదు," అన్నాడు చెమట తుడుచుకుంటూ.

"పెళ్ళిచూపుల్లో తలెత్తకుండా కూర్చున్నవాడిలా ఉన్నావయ్యా," అంది. అతను నవ్వబోయి, నవ్వొచ్చో లేదో తెలియక ఆగిపోయాడు.

అందరూ అంతే. భోజనాల హాల్లో ఆవిడ పళ్ళెం పట్టుకుని వెళ్ళి కూర్చుంటే, ఆ బల్ల దగ్గరి కబుర్లు అత్తగారు రాగానే వంటింట్లో ఆగిన గుసగుసల్లా ఆగిపోయేవి. ఒక్కొక్కరికీ ఏదో పని గుర్తొచ్చేది. వెనకాల తనని 'స్క్రూడ్రైవరమ్మ' అంటున్నారని ఆవిడకు తెలుసు. ఆ పేరు నచ్చింది కూడా. నచ్చిందని చెప్పుకోవడానికి మనిషే లేదు. పాతవాళ్ళలో మిగిలింది ఒక్క తమ్ముడే. అతను మూడో అంతస్తులో నమూనాలు గీసే విభాగానికి పెద్ద. ఆవిడ వచ్చిందని తెలిసీ నాలుగు వారాలు కిందికి దిగలేదు.

అయిదో సోమవారం అతని వంతు. గుమ్మంలో నిలబడి, "రావచ్చా మేడం?" అన్నాడు.

'మేడం' అన్న మాట ముల్లులా దిగింది. "రా," అంది, కుర్చీ చూపించి.

అతను తీసింది పలుచటి కంప్యూటర్. తను మూడేళ్ళు కష్టపడి గీసిందే. విప్పి చూస్తే బ్యాటరీ పూరీలా పొంగి, మూతని పగలగొట్టింది. ఫోన్ చేస్తే అవతల ఒక టీచరమ్మ.

"మూడుసార్లు బాగుచేసి పంపారు బాబూ. ఇక బాగుచెయ్యకండి. అందులో ఉన్న నా పాఠాలు మాత్రం ఇచ్చెయ్యండి, చాలు."

అతను క్షమాపణ చెప్పి ఫోన్ పెట్టేశాడు.

"దీన్ని ఆపేస్తున్నాన్రా," అంది ఆవిడ మెల్లగా. "పదిహేడు రకాలు చేస్తున్నాం, ఒక్కటీ సరిగ్గా లేదు. ఇక రెండే చేద్దాం."

"ఆ రెండింట్లో నాది లేదు."

"లేదు. గాలాడే చోటే లేదు దానికి."

"నామీద కసి తీర్చుకుంటున్నావా అక్కా?"

"కసైతే మొదటిరోజే ఆపేదాన్ని. కంపెనీ కోసం ఆపుతున్నాను."

అతను తలెత్తాడు. "నిన్ను సాగనంపిన రోజు నేనూ అదే మాటన్నాను. నువ్వు నమ్మలేదు."

ఆ రోజుల్లో నిజంగానే తను సర్వాధికారినన్నట్టు ఎవరి మాటా వినేది కాదు. ఈ సంగతి ఆవిడ లోలోపల ఎప్పుడో ఒప్పుకుంది, పైకి మాత్రం అనలేదు. అప్పుడూ అనలేకపోయింది. నిర్ణయమూ మార్చుకోలేదు. వారం తిరక్కుండానే అతను రాజీనామా ఇచ్చి వెళ్ళిపోయాడు.

ఏడాదిన్నర గడిచింది. రెండే రకాలు చేశారు, గట్టిగా చేశారు. తిప్పి పంపేవాళ్ళు తగ్గి, ఆ పొడుగాటి గదిలో గోడలు కనబడసాగాయి. పత్రికలవాళ్ళు వచ్చి ఫోటోలు తీశారు. భోజనాల హాల్లో ఇప్పుడు ఆవిణ్ణి చూసి అందరూ లేచి నిలబడుతున్నారు. పక్కన కూర్చునేవాళ్ళు మాత్రం అప్పుడూ లేరు, ఇప్పుడూ లేరు.

ఒక ఆదివారం పొద్దున ఆవిడ తమ్ముడింటికి వెళ్ళింది. తలుపు తీసిన మరదలు ఒక్క క్షణం తడబడి, "రండి వదినా," అని లోపలికి పిలిచింది. తమ్ముడు టెక్నికల్ కాలేజీలో పాఠాలు చెబుతున్నాడట. బల్లనిండా విద్యార్థుల జవాబు కాగితాలు.

ఆవిడ కూర్చోకుండానే అంది. "నువ్వు ఆ రోజు చేసింది కంపెనీ కోసమేరా. నాకప్పుడే తెలుసు."

"తెలిసీ పద్నాలుగేళ్ళు పట్టిందా ఆ ముక్క అనడానికి?"

"పట్టింది. మళ్ళీ వచ్చెయ్యరా. నాకు అక్కడ మాట్లాడేవాళ్ళు లేరు."

అతను కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "రాలేనక్కా. నీ కింద పని చేస్తే మనం మళ్ళీ కొట్టుకుంటాం. అప్పుడప్పుడు ఫోన్ చేస్తుంటాలే."

మాట తప్పలేదు. పదిహేను రోజులకొకసారి చేస్తాడు. మోకాళ్ళ నొప్పి గురించీ, వాన గురించీ, మరదలి కంటి ఆపరేషన్ గురించీ మాట్లాడుకుంటారు. కంప్యూటర్ల ఊసు ఇద్దరూ ఎత్తరు. ఫోన్ పెట్టేశాక ఆవిడ కాసేపు అలాగే కూర్చుని, బల్ల మీదున్న యంత్రాన్ని దగ్గరికి లాక్కుంటుంది.