అంచున అంటించిన కాగితం

1933 నవంబరు తొమ్మిది. ఆ మధ్యాహ్నం ఫాదర్ బత్తిస్తా గారు జొన్నసంకటి, గోంగూర పచ్చడి తిని, చెయ్యి సరిగా కడుక్కోకుండానే నన్ను తెరిచారు. ఆ నూనె మరక నా మీద ఇంకా ఉంది. దాన్ని ఎప్పుడో క్షమించాను. ఇన్నాసిని మాత్రం క్షమించలేదు.

నేను ఒక జ్ఞానస్నానాల పుస్తకాన్ని. నా కాగితం ఇటలీది, అట్ట గుంటూరుది, భాష లాటిన్. ఫాదర్ గారు ప్రతి మాటనూ రెండు మూడు అక్షరాలకు కుదించి చుక్క పెట్టేవారు. మనుషులు ఊరంతా పందిరి వేసి చేసుకునే పెళ్ళి నా దగ్గర రెండక్షరాలు, ఒక చుక్క!

ఆ రోజు ఆయన తీసింది బాలశౌరి పేరున్న పుట. రెండేళ్ళ కిందట వాడు పుట్టినప్పుడు తండ్రి పేరు ఉండవలసిన చోట 'తెలియదు' అని రాశారు. తల్లి మర్తమ్మ పసివాణ్ణి అమ్మమ్మకు అప్పగించి రంగూన్ ఓడ ఎక్కింది. ఆ తండ్రిని వెతికి పట్టుకుని పెళ్ళాడింది. పెళ్ళి ఎక్కడ జరిగినా జ్ఞానస్నానం జరిగిన గుడికి కబురు పంపడం గురువుల ఆనవాయితీ. అక్కడి నుంచి ఉత్తరం రాగానే ఫాదర్ గారు నా అంచున నాలుగు పొట్టి మాటలు చేర్చారు. తల్లిదండ్రుల పెళ్ళితో బిడ్డ సక్రమ సంతానమయ్యాడని వాటి అర్థం. తరువాత ఆయన తన దేశం వెళ్ళిపోయారు. రంగూన్‌లో ఉన్న ఆ తల్లీ తండ్రీ యుద్ధంలో పోయారు.

1949లో ఊరికి ఒక్కరినే ఫాదర్ కావడానికి గురువిద్యకు తీసుకుంటామన్నారు; సక్రమ సంతానం కానివాడికి అందులో చోటు లేదు. చదువులో బాలశౌరి ముందున్నాడు. వాడి వెనక, గుడి పనులు చూసే ఉపదేశి ఇన్నాసి తమ్ముడు. నా బీరువా తాళం ఇన్నాసి దగ్గరే ఉండేది. మైదా ఉడికించి, చిరగని నా అంచు మీద ఆ నాలుగు మాటలు కనబడకుండా కాగితం అంటించి, మిగిలింది నకలు తీశాడు. కొత్తగా వచ్చిన గురువు సంతకం పెట్టాడు.

"పెళ్లయిందని ఫాదరుగారే చెప్పాడయ్యా!" అని అమ్మమ్మ మొత్తుకుంది.

"కాగితం చూపియ్యి, ముసిలీ," అన్నాడు ఇన్నాసి.

తమ్ముడు గురువయ్యాడు. బాలశౌరి వడ్రంగి అయ్యాడు. ఊళ్ళో వాడి పేరు 'తండ్రి తెలవనోడు'.

నేను పగబట్టాను. నాకు చేతులు లేవు, కానీ బీరువాలో వెండిలా మెరిసే సన్నపురుగులున్నాయి. జిగురు మీది, సిరా నాది అన్నాను. నలభై ఏడేళ్ళు ఓపిగ్గా తిన్నాయి.

1996లో పాత పుస్తకాల జాబితా రాయడానికి లాటిన్ వచ్చిన సిస్టర్ జసింత వచ్చింది. బీరువా తలుపు బిగుసుకుపోతే బాలశౌరిని పిలిచారు. ముసలి ఇన్నాసి పక్కనే కుర్చీలో ఉన్నాడు. ఆమె నన్ను తెరవగానే కాగితం ఎండుటాకులా రాలింది.

"ఇదెవరు అంటించారు తాతగారూ?"

"చిరిగిందమ్మా."

"ఎక్కడా చిరగలేదే!" ఆమె పుటంతా, అంచు మాటలతో సహా, ఒక్కొక్క పొట్టి మాటనూ విప్పి తెలుగులో పైకి చదివింది. మర్తమ్మ పేరు వినగానే బాలశౌరి చేతిలోని ఉలి కింద పెట్టాడు.

"మాయమ్మమ్మ ఇదే చెప్పింది. నువ్వు కాగితం చూపియ్యమన్నావు, ఇన్నాసన్నా."

"తమ్ముడి పరువు పోద్దిరా శౌరీ!"

"మాయమ్మది పోయి ఎన్నేళ్లయింది? ఆదివారం ప్రకటనలు చదివేది నువ్వేగా. ఇది కూడా చదువు."

ఆదివారం పూజలో ఆ మాటలు తెలుగులో చదవడానికి ఇన్నాసి లేచాడు. బాలశౌరే నన్ను అతని ముందు పట్టుకున్నాడు. తల్లి పేరు దగ్గర ముసలివాడి గొంతు దిగిపోయింది.

"గట్టిగా అన్నా. ఎనకున్న ఆడోళ్లకి ఇనబళ్లా."

మళ్ళీ చదివాడు. నా పుటలన్నీ చెవులయ్యాయి. చదవడం అయ్యాక మెట్టు దిగబోతూ తూలితే, బాలశౌరి చెయ్యి అందించి బల్ల మీద కూర్చోబెట్టాడు. నేనైతే పడనిచ్చేదాన్ని.

చీకటి పడుతుంటే నన్ను బాలశౌరే బీరువాలో పెట్టాడు. అమ్మ పేరు మీద బొటనవేలు ఒకసారి ఆనించాడు. దీపం ఆర్పి, బయటికి వెళ్ళి, గది తలుపు చప్పుడు కాకుండా దగ్గరికి వేశాడు.