మగ్గాల వీధికి వచ్చిన అల్లుడు

రేణుక పెళ్ళి చేసుకుని రాజోలి నుంచి బల్మూర్ వెళ్ళినప్పుడు సామానుతో పాటు ఆమె మగ్గం కూడా వ్యానెక్కింది. భర్త శ్రీశైలం తన ఇంటి వసారాలో దాని కోసం, నేసేటప్పుడు కాళ్ళు ఉంచే గుంత ముందే తవ్వి ఉంచాడు. అతనికి కొద్దిగా పొలముంది, బోరు మోటర్లు బాగుచేసే పనీ వచ్చు. గద్వాలలో మోటర్ల దుకాణంలో పని నేర్చుకుంటున్నప్పుడు, పక్క దుకాణానికి పట్టు దారం కోసం వచ్చే రేణుకను చూసి ఇష్టపడ్డాడు. కులాలు వేరు కావడంతో రెండిళ్ళవాళ్ళూ ఒప్పుకోవడానికి రెండేళ్ళు పట్టింది. రాజోలిలో మగ్గాలు చేసే వడ్రంగి వెంకటన్న వ్యానులోనే వచ్చి, మగ్గం బిగించి, చేతులు కడుక్కుని సాయంత్రం బస్సుకు వెళ్ళిపోయాడు.

కష్టాలు ఆ తర్వాతే మొదలయ్యాయి. మగ్గానికెక్కించిన నిలువు దారాల పడుగు అయిపోతే కొత్త పడుగులోని నాలుగు వేల పైచిలుకు పోగుల్ని పాతవాటికి ఒక్కొక్కటిగా అతకాలి. రాజోలిలో ఆ పని తెలిసినవాళ్ళు ఇద్దరొచ్చి ఒక్క రోజులో ముగిస్తారు. ఇక్కడ రేణుకకు తొమ్మిది రోజులు పట్టింది. డిజైను కోసం పడుగు పోగుల్ని పైకి లేపే జకార్డులో ఒక కొక్కెం వంగితే ఫోటో తీసి వెంకటన్నకు పంపింది. చేత్తో పట్టి చూస్తే తప్ప చెప్పలేనన్నాడు. నాగర్‌కర్నూల్, వనపర్తి దాటి, బీచుపల్లి దగ్గర కృష్ణ దాటి, ఒక కొక్కెం కోసం ఆమె రాజోలికి పోయి రావడానికి రెండు రోజులు తిరిగింది. ఇవన్నీ ఓర్చుకోగలిగింది. ఒకనాడు మాత్రం అంచు వదులైన సంగతి గజం నేశాక గానీ కనిపెట్టలేకపోయింది. పుట్టింట్లో అయితే వాకిట్లో పోయేవాళ్ళెవరో ఒకరు తొంగి చూసి, ఆ అంచు చూసుకో అని నాలుగు పేకలు, అంటే నాలుగు అడ్డపోగులు పడగానే చెప్పి ఉండేవారు. ఆ రోజు ఆమె మగ్గంలోంచి లేవకుండా చాలాసేపు అలాగే కూర్చుండిపోయింది.

అత్త చిన్నమ్మ ఇదంతా చూస్తూనే ఉంది. కోడలు మాట్లాడడం తగ్గించిందనీ, మునుపటిలా తినడం లేదనీ కనిపెట్టింది. ఒక పొద్దున పత్తి చేలో కొడుకును ఆపి చెప్పింది.

"ఆ పిల్ల మగ్గంతోటి ఒక్కతే కొట్లాడుతుంది రా. నాకు పత్తి తెలుసు గని మగ్గం తెల్వదు. అడిగెతందుకు ఒక మనిషి లేకుంటె ఆమె పని ఎట్ల చేస్తది? రాజోలికి తోల్కపో."

"ఇల్లరికం పోయిండంటరు అవ్వా."

"అంటె అననీ. మా అవ్వనే తోలింది అని చెప్పు."

కూతురు రజిత అదే ఊళ్ళో ఉంది, పొలం అల్లుడు చూసుకుంటాడు, నా గురించి పరేషాన్ కావద్దు అని కూడా చెప్పింది. ఆ వారంలోనే మగ్గం మళ్ళీ వ్యానెక్కింది.

రాజోలిలో వాళ్ళు రేణుక పెద్దమ్మ సాయమ్మ ఇంట్లో దిగారు. తల్లి లేని రేణుకను పెంచిందీ, పేక దారాన్ని అటూ ఇటూ దాటించే నాడె పట్టడం నేర్పిందీ ఆవిడే. నలభై అయిదేళ్ళు నేసి మోకాళ్ళు అరిగిపోయాయి. కాలితో తొక్కే పని మానేయమని దవాఖానలో గట్టిగా చెప్పారు. మూడేళ్ళుగా ఆవిడ మగ్గం మీద దుప్పటి కప్పి ఉంది. గడపలో కూర్చుని రేణుకకు నాడెలో పెట్టే దారం కండెలు చుట్టిపెట్టేది.

శ్రీశైలానికి మొదట్లో అక్కడ చేయడానికి పెద్దగా పని దొరకలేదు. అందరికీ అతను రేణుక పెనిమిటే తప్ప పేరెవరికీ గుర్తుండేది కాదు. ఊరికే కూర్చోలేక వీధి చూడడం మొదలుపెట్టాడు. వంద అడుగుల లోపల పడుగు తోడేవాళ్ళు, రంగులద్దేవాళ్ళు, వెంకటన్న కొట్టు, జకార్డు డిజైన్లకు అట్టల్లో రంధ్రాలు కొట్టే మానస ఇల్లు. ఒకరి పనిలో చిక్కొస్తే ఇంకొకరికి వినబడేంత దగ్గర. రేణుక మొహం తేటపడింది. కానీ పేక పేకకూ జకార్డు బరువంతా ఆమె కాలే లేపుతోందని అతను గమనించాడు. చూపు తిప్పితే గడపలో సాయమ్మ మోకాళ్ళు కనిపించేవి.

"పెద్దమ్మా, నీ కాలు చేసే పని మోటరు చేస్తె?" అని ఒకరోజు అడిగాడు.

సాయమ్మ కండె ఆపి ఆలోచించింది. "మోటరుకు దారం మీద దయ ఉంటదా అల్లుడా?"

ఆమె భయపడ్డట్టే అయింది. రేణుక ఒప్పుకుని తన మగ్గమే ఇచ్చింది. అతను ఒక పాత మోటరు బిగించి స్విచ్ వేశాడు. జకార్డు ఒక్క ఊపున పైకి లేచింది. సగం నేసిన చీరలో రెండు మూడు వందల పోగులు తెగిపోయాయి. శ్రీశైలం తల వంచుకుని గోడకు ఆనుకుని కూర్చున్నాడు. రేణుక తెగిన కొసలు వెతుక్కోవడం మొదలుపెట్టింది.

గంట తిరక్కముందే మానస వచ్చి ఆమె పక్కన కూర్చుని అతకసాగింది. తర్వాత వెంకటన్న, ఎదురింటి ముసలి నేతగాడు భీమయ్య వచ్చారు. ఎవరూ పిలవలేదు. అతుకుతూనే ముగ్గురూ మోటరు గురించి మాట్లాడుకున్నారు. పైకి పోయినదాని కంటే కిందికి ఇంకా నిదానంగా రావాలని భీమయ్య అన్నాడు. నాడె దాటేదాకా పైననే ఆగాలని మానస చెప్పింది. మోటరుకున్న ఇనుప చక్రానికి బదులు తాను కట్టె చక్రం చేసిస్తానన్నాడు వెంకటన్న. శ్రీశైలం మెల్లగా లేచి వాళ్ళ దగ్గరికి జరిగాడు. తనను తిట్టడానికి వచ్చారనుకున్నాడు. వాళ్ళేమో అప్పుడే రెండోసారి ఎలా చేయాలో చెబుతున్నారు.

నాలుగు నెలలు పట్టింది. రెండోసారి బిగించింది మధ్యలో ఆగిపోయింది, మూడోదానికి మగ్గమంతా వణికింది. చివరికి గద్వాల పాత ఇనుప సామాన్ల కొట్టులో లారీ అద్దాలు తుడిచే మోటరు ఒకటి దొరికింది. దాని నడకే నిదానం. బరువు తేలిక కావడానికి వెంకటన్న అవతలి వైపు ఇసుక సంచి వేలాడదీశాడు. కాలి కింద ఒక చిన్న మీట మిగిలింది. బొటనవేలితో తాకితే చాలు.

రేణుక సాయమ్మ మగ్గం మీది దుప్పటి తీసి, మూడు రోజులు తుడిచి, పడుగెక్కించింది. శ్రీశైలం ఆ మోటరు ముందుగా దానికే బిగించాడు. సాయమ్మను రెండు రెక్కలూ పట్టుకుని గుంతలోకి దింపింది. ఆవిడ చాలాసేపు దారాల మీద అరచెయ్యి ఆనించి కూర్చుంది. తర్వాత మీట తాకింది. జకార్డు మెత్తగా లేచి ఆగింది. నాడె విసిరింది. అది దారి తప్పలేదు. పది పేకలు నేశాక, "నొస్తలేదు బిడ్డా," అంది. రేణుక మొహం పక్కకు తిప్పుకుంది. శ్రీశైలం మోటరు చూస్తున్నట్టు వంగి ఆవిడ పాదం చూస్తూ ఉండిపోయాడు.

నేత ముగిసి ఆ చీరను మగ్గం మీంచి కోసిన రోజు చిన్నమ్మ బల్మూర్ నుంచి చూడడానికి వచ్చింది. సాయమ్మ దాన్ని ఆమె ఒళ్ళో పెట్టింది. ఇంత మంచిది నేను కట్టుకుంటనా అని చిన్నమ్మ అంటే, కట్టుకుంటెనే నాకు నేసినట్టు అనిపిస్తది అంది సాయమ్మ. ఇద్దరూ ఆ మధ్యాహ్నం గడపలో కూర్చుని కండెలు చుట్టారు.

తర్వాత భీమయ్య మగ్గానికి అమర్చారు, ఆ పైన వరసగా మరికొన్నింటికి. గద్వాల నుంచి, ఇంకా దూరం నుంచీ నేతవాళ్ళు వచ్చి చూసి, కొలతలు రాసుకుని వెళ్ళారు. ఆర్నెల్లకు వనపర్తి వైపు అమరచింతలో ఒకతను ఇసుక సంచి తీసేసి స్ప్రింగు పెట్టాడనీ, అది ఇంకా తేలిగ్గా నడుస్తోందనీ కబురొచ్చింది. శ్రీశైలానికి మనసు చివుక్కుమంది. ఒక్క మాటైనా అడగలేదు అన్నాడు రేణుకతో.

ఆమె నాడె ఆపలేదు. "నీ దగ్గర వాళ్ళు నేర్చుకుండ్రు. వాళ్ళ దగ్గర నువ్వు నేర్చుకో. ఈ వీధిలో అందరం గట్లనే నేర్చుకున్నం."

అతను రెండు రోజులు ఆమె అన్న మాటే ఆలోచించాడు. మూడోనాడు పొద్దున్నే అమరచింత బస్సెక్కాడు. స్ప్రింగు పెట్టిన మనిషి, ఒకప్పుడు రాజోలి వచ్చి చూసి వెళ్ళినవాడే, అతన్ని చూడగానే గుర్తుపట్టి, రాజోలి శ్రీశైలమా అని పేరు పెట్టి పలకరించాడు. స్ప్రింగు ఎక్కడ దొరుకుతుందో, ఎంత బిగించాలో దగ్గరుండి చూపించాడు. భోజనం చేయకుండా వెళ్ళనివ్వలేదు. సాయంత్రానికి శ్రీశైలం అలాంటివే రెండు స్ప్రింగులు సంచిలో వేసుకుని తిరిగొచ్చాడు. కాళ్ళు కడుక్కోకుండానే, ముందు పెద్దమ్మ మగ్గానికి పెడతానని పానా తెమ్మన్నాడు.