టెంప్ ఫోల్డర్లో కాళ్లు

మా ఆయనకు ‘ప్రస్తుతానికి’ అనే మాటంటే ప్రాణం. వర్క్‌షాపు తలుపుకు ప్రస్తుతానికి తీగ కట్టి ఉంటుంది. కుళాయికి ప్రస్తుతానికి గుడ్డ చుట్టి ఉంటుంది. అవన్నీ ఓర్చుకున్నాను. సర్వర్ సంగతి తెలిశాక మాత్రం ఒళ్లు మండిపోయింది.

మేం కృత్రిమ కాళ్లు తయారు చేస్తాం. కొలతలు నావి, కంప్యూటర్ ఆయనది. ఏ ఇద్దరి కాళ్లూ ఒకేలా ఉండవు. అందుకని ఒక్కొక్కరి వివరాలు ఒక్కో తీరున రాసుకున్నా పేచీ పెట్టని డాక్యుమెంట్ డేటాబేస్ పెడదామన్నాడు. మంచిదే అన్నాను. నల్లటి తెర మీద టకటకా కమాండ్లు కొట్టి, "అయిపోయింది, డేటాబేస్ సర్వర్ నడుస్తోంది" అన్నాడు. నమ్మి నా కొలతలన్నీ అందులోకే ఎక్కించాను.

ఆ ఉదయం బస్సు కండక్టర్ వచ్చాడు, భార్య తోస్తున్న చక్రాల కుర్చీలో. మోకాళ్ల కింద రెండు కాళ్లూ తీసేసే ముందు రోజు డాక్టరే అతన్ని మా దగ్గరికి పంపాడు. మోకాలి నుంచి నేలకు ఎంత, పిక్క ఎంత, పాదం ఎంత, అన్నీ కొలిచి పెట్టాను. ఇప్పుడు గాయాలు మానాయి.

"నా ఎత్తు నాకు తిరిగి రావాలమ్మా. అంతకంటే ఏం అడగను," అన్నాడు.

అతను రావడానికి ముందు రోజే కరెంటు పోయి కంప్యూటర్ ఆగితే, మా ఆయనే దాన్నీ సర్వర్‌నీ మళ్లీ లేపాడు. లోపలి గదిలో కంప్యూటర్ తెరిచి కండక్టర్ పేరు వెతికాను. ఏమీ రాలేదు. ఇంకొకరి పేరు కొట్టాను. అదీ లేదు. ఎవ్వరూ లేరు.

మా ఆయన వచ్చి తెరలోకి తొంగిచూశాడు. "సర్వర్ బాగానే ఉందే. చూడు, కనెక్షన్ల కోసం ఎదురుచూస్తున్నానంటోంది."

"లోపల ఏం పెట్టుకుని ఎదురుచూస్తోందండీ?"

పైబాణం మీట నొక్కితే పాత కమాండ్లు ఒక్కొక్కటే వెనక్కి వస్తాయి. నొక్కుతూ పోయాను. సర్వర్‌ని లేపిన కమాండ్ దొరికింది. డేటా ఎక్కడ దాచాలో చెప్పే చోట టెంప్ ఫోల్డర్ ఉంది. కంప్యూటర్ ఆగి లేచినప్పుడల్లా తనంతట తానే ఊడ్చి పారేసే ఫోల్డర్ అది. ఆ మాత్రం నాకూ తెలుసు.

"అసలు ఫోల్డర్‌లో రాయడానికి అనుమతి లేదని ఎర్రర్ ఇచ్చింది," నసిగాడు. "ప్రస్తుతానికి అక్కడ పెట్టి తర్వాత మారుద్దామనుకున్నా."

"వేరేచోట కాపీ తీశారా?"

"అదీ తర్వాత తీద్దామనుకున్నా."

అనుమతి ఇవ్వడానికి ఒక్క కమాండ్ చాలు. ఒక్కటంటే ఒక్కటి. ఆ బద్ధకానికి ఒక మనిషికి రెండోసారి కాళ్లు పోయాయి.

"చాపిన చేతుల వెడల్పే మనిషి ఎత్తంటారుగా, అలా కొలిచి అంచనా కట్టెయ్. అంగుళం అటూ ఇటూ అయితే ఎవరికి తెలుస్తుంది?" అన్నాడు.

"ఆ మాట నువ్వే వెళ్లి అతనితో చెప్పు." నా నోట ‘మీరు’ కాస్తా ‘నువ్వు’ అయిపోయింది.

వెళ్లాడు. "సర్వర్ పోయిందండి," అన్నాడు కండక్టర్‌తో.

"సర్వర్‌కేం, గుండ్రాయిలా ఉంది," అన్నాను వెనకనుంచి. "జరిగింది చెప్పు."

నీళ్లు నములుతూనే మొత్తం చెప్పాడు. కండక్టర్ అరవలేదు. ఒళ్లో దుప్పటి సర్దుకున్నాడు. అరిచి ఉంటే బాగుండుననిపించింది.

అతని భార్య చెప్పులు విడిచి గోడకు ఆనుకుని నిటారుగా నిలబడింది. "నన్ను కొలవండి. ఈయన గడ్డం సరిగ్గా ఇక్కడికొచ్చేది," అంటూ పాపిట మీద వేలు పెట్టింది. "వేలెడు ఎక్కువేసినా నాకు తెలిసిపోతుంది."

ఆ వేలి నుంచి నేలదాకా కొలిచాను. కండక్టర్‌ని బల్ల మీద పడుకోబెట్టి గడ్డం నుంచి మోకాలిదాకా కొలిచి, అందులోంచి తీసేశాను. మిగిలింది కాలు.

వాళ్లు వెళ్లాక కంప్యూటర్ ముందు కూర్చున్నాను. కొత్త ఫోల్డర్ చేసి, దానికి అనుమతి ఇచ్చి, సర్వర్‌ని నా చేత్తో లేపాను. కండక్టర్ కొలత ఎక్కించాను. మా ఆయన వచ్చి నా కుర్చీ పక్కన నిలబడ్డాడు.

మా ఆయన గడ్డం నాకు ఎక్కడికొస్తుందో నాకు తెలియదు. లేచి నిలబడితే తెలిసేది. నేను లేవలేదు.