మూడో ఫిర్యాదు

సకల జనుల సమ్మె మొదలయ్యాక సిద్దిపేటలో పగటిపూట కరెంటు ఎప్పుడు వస్తుందో, ఎంతసేపు ఉంటుందో చెప్పగలిగినవాళ్లు లేరు. వచ్చిన కాసేపట్లోనే మోటారు వేసి ట్యాంకు నింపుకోవాలి, మిక్సీ పట్టాలి, అత్తగారి చీరలు ఇస్త్రీ చేయాలి. వాటి నడుమ సాయిప్రియ తడిచేతులు కొంగుకు తుడుచుకుంటూ ముందుగదిలోకి పోయి, కంప్యూటర్‌లో వీడియో ఎంతవరకు ఎక్కిందో చూసి రావాలి. ఆ రోజు నలభై శాతం దగ్గర ఆగిపోయింది. షాపు నుంచి భర్త శ్రీవర్ధన్ ఫోను చేశాడు.

“ఎక్కిందా?”

“ఎక్కుతుంది. నెట్టు మెల్లగుంది.”

“పొద్దుగాల సంది గదే మాట. ఇంట్ల కూసోని ఏం జేస్తున్నవ్ మరి?”

ఆమె నోరు తెరిచేలోపే ఫోను పెట్టేశాడు. పెట్టేయకపోయినా ఆమె ఏం చెప్పేది? ఎనిమిదేళ్లుగా ఆ ప్రశ్నకు జవాబు వెతుక్కుంటూనే ఉంది. చేసిన పని చెబితే ‘అది అందరాడోళ్లు చేసేదే’ అంటాడు. చెప్పకపోతే ఏమీ చేయనట్టే లెక్క.

శ్రీవర్ధన్‌కు బస్టాండు వెనుక గల్లీలో పెళ్లిళ్ల వీడియోలు తీసే షాపు ఉంది. ఉద్యమం వేడెక్కాక పెళ్లిళ్ల బేరాలు తగ్గి, కెమెరా భుజానేసుకుని రోడ్ల మీది వంటావార్పులు, ధూంధాంలు, చౌరస్తాల్లో బతుకమ్మలు తీయడం మొదలుపెట్టాడు. అవి ఇంటర్నెట్‌లో పెడితే గల్ఫులో ఉన్నవాళ్లు, హైదరాబాదు హాస్టళ్లలో ఉన్న పిల్లలు చూస్తారని ఎవరో చెప్పారు. చానల్ ఆయన పేరు మీద తెరిచారు. తీసినదాన్ని కోసి అతికించడం, పేరు రాయడం, ఎక్కించడం సాయిప్రియ వంతు. ఆ వీడియో సైటు వాళ్ల నిబంధనలన్నీ ఇంగ్లీషులో ఉండేవి. శ్రీవర్ధన్ ఇంటరుతో చదువాపేశాడు. ఆమె బీకాం కంప్యూటర్స్. పక్కన డిక్షనరీ పెట్టుకుని పేజీ పేజీ చదివింది. ఏ వీడియో అందరికీ కనబడాలి, ఏది మనం పిలిచినవాళ్లకే కనబడాలి, దేనికి ప్రకటనలు పెట్టొచ్చు, దేనికి పెట్టకూడదు అన్నీ తెలుగులో ఒక కాగితం మీద రాసి భర్తకిచ్చింది. పరాయి పాట వాడితే ఫిర్యాదు వస్తుందని, మూడు ఫిర్యాదులైతే చానల్ మొత్తం మూసేస్తారని కింద గీత గీసి మరీ రాసింది. ఆయన దాని మీద చాయ్ గ్లాసు పెట్టుకుని, “నువ్వు జేసేదేముందే, బటన్ నొక్కుడే గద” అన్నాడు. ఆమె వద్దన్నా, అదే చానల్‌లో పెట్టిన పెళ్లి వీడియోల వెనుక సినిమా పాటలు పెట్టించాడు. ఏడాది తిరగకుండా రెండు ఫిర్యాదులు వచ్చాయి. “నీకు సరిగ్గ ఎక్కియ్య రాలే” అన్నాడు.

ప్రకటనల పైసలు ఆయన ఖాతాలో పడేవి. పేరు కూడా ఆయనకే వచ్చింది. దీక్షా శిబిరంలో పిలిచి శాలువా కప్పారు. మైకు పట్టుకుని ఆయన, “రాత్రింబగల్లు నేనొక్కన్నే కష్టపడి గింతదూరం తెచ్చిన” అన్నాడు. ఆ సభ వీడియోను కూడా సాయిప్రియే సరిచేసింది. ఆ మాట దగ్గర మైకు గరగరమంటుంటే, గరగర తీసేసి మాట స్పష్టంగా వినబడేట్టు చేసింది. సరిగ్గా వచ్చిందా అని ఆ మాటనే ఇంకోసారి వేసుకుని వింది. వంటింట్లోంచి అత్తగారు రాధాబాయి, “సాయీ, పప్పు మాడుతున్నట్టుంది, జర ఆ డబ్బా ముందలకెల్లి లెవ్వు” అని పిలిచింది.

లచ్చవ్వ వచ్చింది ఆ వారంలోనే. రాయపోల్ నుంచి నడుస్తూ, దొరికిన ట్రాక్టరు ఎక్కుతూ, గల్ఫుకు వీడియోలు పంపే ఇల్లెక్కడని అడుగుతూ వచ్చింది. వయసు యాభై దాటి ఉండదు కానీ మనిషి ఎండిపోయి ఉంది. ఆమె కొడుకు నర్సింలు తెలంగాణ కోసమని చీటీ రాసిపెట్టి ప్రాణం తీసుకుని నెల కాలేదు. కూతురు రాజవ్వ మస్కట్‌లో ఒక ఇంట్లో వంట చేస్తుంది. పాస్‌పోర్టు యజమాని దగ్గరుండి, తమ్ముడి చావుకు రాలేకపోయింది.

“ఫోన్ల మాట్లాడుతది గని, నీ మొకం జూడాలె అవ్వా అని ఒక్కటే ఏడుపు,” అంది లచ్చవ్వ. “ఆ షేటు బిడ్డ కాడ కంప్యూటర్ ఉందట. దాంట్ల సూపిస్తదట. నా మొకం గాడికి పంపుతవా బిడ్డా?”

శ్రీవర్ధన్ హైదరాబాదు పోయి ఉన్నాడు. సాయిప్రియ బీరువాలోంచి చిన్న కెమెరా తీసింది. పెరట్లో నీడ ఉన్నచోట పీట వేసి లచ్చవ్వను కూర్చోబెట్టింది. ఎక్కడ చూసి మాట్లాడాలని అడిగితే, ఈ అద్దంలో రాజవ్వ ఉందనుకో అవ్వా అని చెప్పింది. లచ్చవ్వ కొంగు సర్దుకుని అద్దం వైపు తిరిగింది. తర్వాత మొదలుపెట్టింది. మొదట తిన్నవా, పండుకున్నవా అని అడిగింది. పిదప కొడుకును తలుచుకుని రాగం తీసింది. ఆ రాగం ఉన్నట్టుండి ఆపి, గొంతు తగ్గించి చెప్పింది.

“నీకొక్కదానికే చెప్తున్న బిడ్డా. ఎవ్వలకు చెప్పలే. గా పొద్దు నేను ఆన్ని తిట్టిన. ఎప్పుడు జూసినా ధర్నాలేనా, పొలంల అడుగు వెట్టవా, నువ్వు ఉండి ఏం లాభంరా, సచ్చినా నయమే అన్న. అన్నం గూడ తినకుంట పోయిండు. గా మాట నా నోట్లకెల్లెట్ల వచ్చిందో బిడ్డా. అందరు నన్ను అమరుని తల్లి అంటున్నరు. నాకు తల ఎత్త బుద్దయితలేదు.”

సాయిప్రియ కెమెరాను చివరిదాకా దించకుండా పట్టుకుంది. అయిపోయాక లచ్చవ్వ ముఖం కడుక్కుని అడిగింది. “గిది నా బిడ్డ ఒక్కతే సూడాలె. ఇంకెవ్వలు సూడొద్దు.”

“ఒక్కతే చూస్తదవ్వా. తాళం వేసి పంపుత.”

“తాళంచెవ్వి?”

“నా దగ్గరుంటది.”

ఆ మాట అంటున్నప్పుడు సాయిప్రియ దాన్ని పూర్తిగా నమ్మింది. ఇంట్లో ఆమె చేతిలో ఉన్న తాళంచెవి అదొక్కటే. అత్తగారు రోజూ సర్దే బీరువాలోనే ఆమె బట్టలుండేవి. అమ్మతో ఫోనులో మాట్లాడుతుంటే ఎవరో ఒకరు గడప మీద నిలబడి వినేవాళ్లు. రాజవ్వ ఫోనులో చెప్పిన మెయిల్ చిరునామా ఒక్కటే రాసి, ప్రకటనలు లేకుండా, ఇంకెవరికీ కనబడకుండా ఆ వీడియో ఎక్కించింది. మర్నాడు చూస్తే, చూసినవారు ఒకటి అని ఉంది. తర్వాత రెండు. వారం తిరిగేసరికి తొమ్మిది. మస్కట్‌లో ఎక్కడో ఒక అమ్మాయి తన తల్లి ముఖాన్ని తొమ్మిదిసార్లు చూసుకుంది. తన పనిలో ఇది పనికొచ్చిన పని అని సాయిప్రియకు అనిపించింది.

ఆ పైవారం నారాయణరావుపేటలో తల్లికి జ్వరమని కబురొస్తే వెళ్లి ఆరు రోజులుంది. సమ్మెలో బస్సులు లేవు. తిరిగి వస్తూ ఎక్కిన షేర్ ఆటోలో, డ్రైవరు సెల్లులోంచి లచ్చవ్వ గొంతు వినిపించింది. సచ్చినా నయమే అన్న, అంటున్నది. సాయిప్రియకు మొదట తన మనసులోని మాటే వినబడుతోందేమో అనిపించింది.

“గిదెక్కడిదన్నా?” అని అడిగింది.

“నర్సింలు తల్లిదక్కా. అందరి సెల్లులల్ల ఉంది. తల్లి తిట్టి సంపుకొని తెలంగాణ మీద వెట్టింది సూడు,” అన్నాడు డ్రైవరు, గేరు మారుస్తూ.

ఇంటికొచ్చి సంచి దించకుండానే కంప్యూటర్ తెరిచింది. వీడియో అందరికీ కనబడుతోంది. మొదట ఒక నగల దుకాణం ప్రకటన, మెడ నిండా హారాలతో నవ్వే ఒకామె. ఆమె వెనుకనే పెరటి నీడలో పీట మీద లచ్చవ్వ. చూసినవారి సంఖ్య లక్ష దాటింది. కింద వ్యాఖ్యలు వరుసగా ఉన్నాయి. కొందరు ఏడ్చామని రాశారు. కొందరు ఆ తల్లిని తిట్టారు. ఈ చావులన్నీ ఇలాంటివేనని ఇంకొందరు ఎగతాళి చేశారు. తాళం వేద్దామని చూస్తే పాస్‌వర్డ్ మారి ఉంది.

శ్రీవర్ధన్ మధ్యాహ్నం భోజనానికి వచ్చినప్పుడు అడిగింది.

“తాళమేసి దాసినవేంది గసొంటి వీడియోను?” అన్నాడు ఆయన, కంచం ముందు కూర్చుంటూ. “రెండేండ్లల్ల మన చానల్‌ల ఏదన్నా గింతమంది జూసిన్రా? నువ్వు నొక్కుతుంటే నేను జూడలేదనుకున్నవా? ఒక్క బటన్.”

“ఆమె తన బిడ్డకు చెప్పుకున్న మాట అది. ఎవరికీ చూపియ్యనని మాటిచ్చిన.”

“ఎవలను అడిగి ఇచ్చినవ్? చానల్ నాది. ఉద్యమంల తల్లుల బాధ లోకానికి తెల్వద్దా?”

“ఉద్యమం కోసమైతే నగల ప్రకటన ఎందుకు పెట్టిన్రు?”

ఆయన అన్నం కలపడం ఆపి ఆమె వంక చూశాడు. రాధాబాయి వెంటనే కల్పించుకుంది. “తినేటోనితోని గివేం మాటలే? ఆరు రోజులు తల్లిగారింట్ల ఉండొచ్చి వాని ప్రాణం తీస్తున్నవ్.” సాయిప్రియ మారు వడ్డించింది. వడ్డించకుండా ఉండగలదని అప్పటికి ఆమెకు తోచలేదు.

రెండు రోజులకు లచ్చవ్వే వచ్చింది. లోపలికి రమ్మంటే రాలేదు. గడప బయటే నిలబడింది. బోరింగు కాడ ఆడవాళ్లు తనను చూసి మాటలు ఆపేస్తున్నారని చెప్పింది. ఊరి దీక్షా టెంటులో వరుసగా కట్టిన అమరుల ఫొటోల్లోంచి నర్సింలు ఫొటో తీసి, చుట్టి, తన ఇంటి అరుగు మీద పెట్టిపోయారని చెప్పింది. గొంతు పెంచలేదు.

“నా ఏడుపు నా బిడ్డకు పంపుమన్న గని, ఊరికి పంపుమన్ననా బిడ్డా?”

లోపలినుంచి శ్రీవర్ధన్ వచ్చాడు. “గా తిట్టిన ముక్క కోసేస్త తియ్యవ్వా. ఏడ్చింది ఒక్కటే ఉంచుత. ఇంక నిన్నెవలేమంటరు?”

లచ్చవ్వ ఆయన్ను చూడలేదు. సాయిప్రియనే చూస్తూ ఉంది. సాయిప్రియ బీరువాలోంచి ఆనాటి చిన్న టేపు తెచ్చి ఆమె చేతిలో పెట్టింది. సెల్లుల్లోకి పోయినవాటిని ఎవరూ తీయలేరని, ఆ నిజం కూడా దాచకుండా చెప్పింది.

“నీ ఇంట్లదన్న తియ్యి బిడ్డా,” అంది లచ్చవ్వ. అని, టేపు కొంగులో ముడేసుకుని మెట్లు దిగింది.

ఆ రాత్రి సాయిప్రియకు నిద్ర పట్టలేదు. తాను మాట తప్పలేదని, తప్పించారని తనకు తాను ఎంత చెప్పుకున్నా ఒప్పుకోబుద్ధి కాలేదు. తాళంచెవి తన దగ్గరుందని చెప్పిన నోరు తనదే. చేతికి ఎన్నడూ రాని తాళంచెవిని తనదనుకుని ఇంకొక ఆడమనిషికి హామీ ఇచ్చింది. ఆయన ఆ వీడియోను తీసేయడు. అడిగే కొద్దీ కోయమంటాడు, ఆ కోసేది కూడా తన చేతే చేయిస్తాడు. మైకులో గరగర తీసేసినట్టు లచ్చవ్వ మాటను తీసేసి, ఏడుపును శుభ్రం చేసి, మళ్లీ నగల వెనుక నిలబెట్టాలి. తనకు తెలిసిన పని అదే కదా అని ఆలోచిస్తుంటే, తనకు తెలిసిన ఇంకో సంగతి గుర్తొచ్చింది. నిబంధనల్లో ఉంది. వీడియో ఎవరి చానల్‌లో ఉన్నా, తీసినవాళ్లదే హక్కు. ఆ పెరట్లో కెమెరా పట్టుకున్నది తను.

మర్నాడు పదకొండింటికి కరెంటు వచ్చింది. మోటారు వేయలేదు. ముందు తన పేరు మీద ఒక మెయిల్ తెరిచింది. ఫిర్యాదు పత్రంలో ఈ వీడియో తీసింది మీరేనా అని ఉంది. అవును అని పెట్టింది. పూర్తి పేరు అడిగింది. డిగ్రీ సర్టిఫికెట్‌లో ఉన్నట్టే, పుట్టింటి ఇంటిపేరుతో రాసింది. పంపేముందు చేయి ఆగింది. ఇది ఆ చానల్ మీద మూడో ఫిర్యాదు అవుతుంది. మూడు వందల పన్నెండు వీడియోలు. రోడ్డు మీద రాళ్ల పొయ్యి పెట్టి వండిన ఆడవాళ్లు, వానలో ఆగకుండా బతుకమ్మ ఆడిన ముసలమ్మలు, రాజీవ్ రహదారి మీద గొంతు పోయేదాకా పాడిన చదువుకునే పిల్లలు. టేపులు ఖర్చని శ్రీవర్ధన్ వాటినే చెరిపి మళ్లీ వాడేవాడు. ఇక్కడ పోతే ఇంకెక్కడా ఉండవు. రెండేళ్లు మిక్సీకీ మోటారుకీ మధ్య ఆమె చేసిన పని మొత్తం అదే. ఆ జాబితాను పైనుంచి కిందిదాకా ఒకసారి చదువుకుంది. ట్యాంకులో నీళ్లు లేవని రాధాబాయి కేకేసింది. “వస్తున్న అత్తమ్మా,” అని చెప్పి, బటన్ నొక్కింది.

వేరే చానళ్లలో నాలుగు నకళ్లు దొరికాయి. వాటి మీదా ఫిర్యాదు పెట్టింది. రెండు పోయాయి. రెండు ఉండిపోయాయి. రాయపోల్ టెంటులో నర్సింలు ఫొటో మళ్లీ కట్టారన్న మాట వినబడలేదు.

మూడో రోజు పొద్దున శ్రీవర్ధన్ కంప్యూటర్ ముందు కూర్చుని రెండుమూడుసార్లు తెరిచి మూశాడు. చానల్ ఉండాల్సిన చోట ఏమీ లేదు. మెయిల్‌లో ఇంగ్లీషు ఉత్తరం ఉంది.

“సాయీ, గిదేం రాసిన్రో జూడు.”

ఆమె పొయ్యి ఆపి వచ్చింది. ఆయన కుర్చీ వెనుక నిలబడి వరుసగా తెలుగులో చెప్పింది. మూడు ఫిర్యాదులు అందినందున మీ చానల్‌ను శాశ్వతంగా మూసివేశాం. అందులోని వీడియోలన్నీ తొలగించాం. మొదటి రెండు ఫిర్యాదులు ఇంతకుముందు తెలియజేసినవే.

ఆయన కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. “మూడోది ఎవడు వెట్టిండు? పేరుందా?”

“ఉంది.”

“సదువు.”

వంటింటి గడప మీదికి రాధాబాయి వచ్చి నిలబడింది. సాయిప్రియ ఇంతకాలం ఆయన కోసం ఎన్ని ఉత్తరాలు చదివిందో, దీన్నీ అంతే నిదానంగా చదివింది.

“వీడియో తీసిన వ్యక్తి, దాని హక్కుదారు, బండారి సాయిప్రియ.”