లూర్దమ్మ చేతిలో మైకు

నేను ఒక మైకును, తీగ ఉన్న పాత రకం. గుంటూరులో సౌండు సామాన్ల కొట్టులో మా చర్చి ఫాదర్ గారు నన్ను కొన్నారు. నాలుగేళ్ళు బలిపీఠం దగ్గర నిలబడి పూజ వినిపించాను. తీగ లేని కొత్తది రాగానే నన్ను శుక్రవారం ప్రార్థన కూటానికి దించేశారు. దేవుడి ఎదుట కూడా మనుషులకు కొత్త సామానే కావాలి.

కూటంలో నన్ను పట్టుకునేది లూర్దమ్మ. మంచి మనిషి. రోగుల పక్కన కూర్చుని జపమాల చెబుతుంది, వాళ్ళ పక్కగుడ్డలూ ఉతుకుతుంది. నన్ను పెదవులకు ఆనించి మాట్లాడుతుంది కనుక ఆమె ఊపిరి నాకు బాగా తెలుసు. నిజంగా ప్రార్థించేటప్పుడు అది నెమ్మదిగా ఉంటుంది.

ఒక శుక్రవారం ఆమె పద్దెనిమిదేళ్ళ జసింత తల మీద చెయ్యి పెట్టింది.

"పవిత్రాత్మ నాతో మాట్లాడతన్నాడు. ఈ బిడ్డ సిస్టరుగా మఠానికి పోవాల," అంది.

ఆ ఊపిరి ఉరుకులు పెడుతోంది. నాకు అనుమానం వచ్చింది. కానీ ఆత్మ మాటైనా మనిషి మాటైనా నాలోంచి ఒకేలా గట్టిగా బయటికి పోతుంది, అదే నా ఖర్మ. అందరూ స్తోత్రం అన్నారు. తల్లి శౌరమ్మ ఆనందంతో ఏడ్చింది. తొందరపడొద్దని ఫాదర్ గారు చెప్పినా ఎవరూ వినలేదు. జసింతనైతే అడగనే లేదు. పది రోజుల్లో పెట్టె సర్దేశారు.

ఏడాదికి జసింత సెలవు మీద వచ్చింది, బాగా చిక్కిపోయి. వచ్చే నెల సిస్టరు ముసుగు వేస్తారట. కూటానికి ముందే వచ్చి, కుర్చీలు వేస్తున్న లూర్దమ్మను అడిగింది. నేను బల్ల మీదే ఉన్నాను.

"అత్తా, ఆ రోజు నీకు నిజంగా వినపడిందా?"

లూర్దమ్మ చేతిలో కుర్చీ కింద పెట్టింది.

"లేదమ్మా," అంది. "నీ వయసులో మఠానికి పోవాలని నాకుండేది. మా నాయన పంపల. నిన్ను చూస్తే ఆ మాట నోట్లోకొచ్చింది. ఆత్మే అనుకున్నా."

"అక్కడ నాకు ప్రార్థన రావట్లేదత్తా. వచ్చేస్తానంటే, ఆత్మ పిలిస్తే కాదంటావా అని అమ్మ అన్నం మానేసింది. ఇదే మాట మైకులో చెప్పు."

జనం వచ్చారు. లూర్దమ్మ నన్ను తీసుకుంది. వేలి కింద మీట రెండుసార్లు జారింది. నాకు భయమేసింది. చెబితే ఇక ఈమె మాట ఎవరూ నమ్మరు. చెప్పకపోతే ఆ పిల్ల నమ్మకం లేకుండానే ముసుగు వేసుకుంటుంది.

"జసింతను పిలిచింది ఆత్మ కాదు, నేను. నన్ను క్షమించండి," అంది.

ఎవరూ స్తోత్రం అనలేదు. శౌరమ్మ కూతురి వంక చూడకుండా లేచి వెళ్ళిపోయింది. జసింత మోకాళ్ళలో తల పెట్టుకుని ఏడ్చింది.

కూటం ఆగిపోయింది. ఇప్పుడు నేను కొవ్వొత్తి ముక్కలతో పాటు సొరుగులో ఉన్నాను. లూర్దమ్మ గుడి ఊడ్చి వెళ్ళిపోతుంది, సొరుగు తెరవదు. ఆమెకు ఒక్క సంగతి చెప్పాలని ఉంటుంది, సొంత గొంతు లేనిదాన్ని ఎలా చెప్పను? ఆ చివరి మాట అన్నప్పుడు ఆమె ఊపిరి చాలా నెమ్మదిగా ఉంది.