ఆలస్యానికి కారణం

"ఎందుకు ఆగావమ్మా?" అని అడిగింది మా అమ్మాయి.

ఆగినట్టు నాకే తెలీదు. ఒక చేతిలో చీపురు, ఇంకో చేతిలో తడిగుడ్డ. ముందు గది గడప ఇవతల నిలబడి ఉన్నాను. గదిలో ఎవరూ లేరు. ఒక కుర్చీ, ఒక బల్ల, కిటికీలోంచి పడుతున్న ఎండ. అంతే.

"ఆగానా?"

"నలభై సెకన్లు," అంది చేతిలో గడియారం చూసి. అట్టకి బిగించిన కాగితం మీద సగం చందమామలాంటి గుర్తు ఒకటి పెన్సిలుతో పెట్టింది.

మా అమ్మాయి ఇండస్ట్రియల్ అండ్ సిస్టమ్స్ ఇంజనీరింగ్ మూడో సంవత్సరం. ఆ పేరు తడబడకుండా పలకడానికి నాకు నెల పట్టింది. చుట్టాలెవరైనా అడిగితే ఇప్పటికీ చెమటలు పడతాయి. "అంటే వంతెనలు కడతారా?" కట్టరు. "కరెంటు పనా?" కాదు. "మరేం చేస్తారు?" పని ఎలా జరుగుతోందో చూస్తారు. అక్కడికి అందరూ నవ్వేస్తారు. మా మరిది అయితే, "చూడ్డానికి నాలుగేళ్ళ చదువు దేనికి వదినా? మా అన్నయ్య పదో తరగతితోనే బస్సు డిపో మొత్తాన్ని చూశాడు," అన్నాడు.

ఈసారి కాలేజీలో ఇచ్చిన పని ఏమిటంటే, ఏదైనా పని చేసే మనిషిని ఒకర్ని ఎంచుకుని పొద్దుట నుంచి సాయంత్రం దాకా వెంట ఉండి, చేసిన ప్రతిదీ రాయాలి. పిల్లలు తలా ఒకర్ని వెతుక్కున్నారు. ఒకడు మంగలి షాపు, ఒకమ్మాయి పెట్రోలు బంకు, ఇంకొకడు టైర్లకి పంచర్లు వేసేవాడు. మా పిల్ల నన్ను ఎంచుకుంది.

"నేనేం పని చేస్తానే? ఇంట్లోనే ఉంటాగా."

"మా సారూ అదే అడిగారు. రాసి చూపిస్తానన్నాను."

దానికి ఐదు గుర్తులున్నాయి. పని చేస్తే గుండ్రం. కదిలితే బాణం. ఉప్పు సరిపోయిందా, బట్ట ఆరిందా అని చూసుకుంటే చతురస్రం. దాచిపెడితే త్రికోణం. పని లేకుండా ఆగితే సగం చందమామ, అంటే ఆలస్యం. ప్రతి ఆలస్యం పక్కనా కారణం రాయాలట. ఎదురింటి పంతులమ్మ అరుగు మీద యాభై రెండేళ్ళ వయసులో పలక పట్టి, గుణింతాలతో రెండేళ్ళు కుస్తీ పట్టినదాన్ని. నాకు ఐదు గుర్తులు ఒక లెక్కా? పదింటికల్లా దాని భుజం మీంచి తొంగి చూసి చదివేస్తున్నాను. గిన్నెలు తోమాను, గుండ్రం. నీళ్ళు మోశాను, బాణం. చెప్పుల కొట్టు వాళ్ళిచ్చిన అట్టలు మడిచి పెట్టెలు చేశాను, గుండ్రం, గుండ్రం, గుండ్రం. మధ్యాహ్నానికే ఏడు కాగితాలు నిండాయి. ఇంట్లో ఖాళీగా ఉంటాననే నేనూ అనుకున్నాను.

గుర్తులతో నాకు పేచీ లేదు. గడియారంతోనే. అది నొక్కినప్పుడు టక్కుమని చప్పుడొస్తుంది. వచ్చినప్పుడల్లా నా తల దానంతటదే అటు తిరుగుతోంది.

మా ఆయన బస్సు డిపోలో టైమ్‌కీపర్‌గా చేసేవారు. ఇంటికొచ్చినా చేతి గడియారం విప్పేవారు కాదు. నాలుగున్నరకి టీ. నాలుగు ముప్పై రెండు అయిందంటే గ్లాసు అందుకునేవారు కాదు. బల్ల మీద పెట్టి పక్కన నిలబడాలి. గడియారం వైపు, నా వైపు, మళ్ళీ గడియారం వైపు చూసేవారు. "రెండు నిమిషాలు. రెండు నిమిషాలు ఆలస్యమైతే డ్రైవరుకి మెమో ఇస్తాను. నీకేమివ్వమంటావు?" అనేవారు. గొంతు పెంచేవారు కాదు, నిజంగా నన్ను సలహా అడుగుతున్నట్టే ఉండేది. చెయ్యెత్తిన రోజులు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. మిగతా రోజులన్నీ ఎత్తుతారేమో అనుకుంటూ గడిచాయి. అందుకని ఈ గడప దగ్గర ఆగి చెవి పెట్టేదాన్ని. పేపరు పేజీ నెమ్మదిగా తిరిగితే వెళ్ళొచ్చు. పేపరు విదిలించిన చప్పుడొస్తే మాత్రం గ్లాసు అడుగు ఇంకోసారి తుడవాలి, మొహం తుడుచుకోవాలి, ఏం అడిగితే ఏం చెప్పాలో లోపల ఒకసారి అనుకోవాలి. ఆగినందువల్లే ఇంకా ఆలస్యమయ్యేది, ఆ సంగతి నాకూ తెలుసు. అయినా ఆగకుండా లోపలికి వెళ్ళడానికి కాళ్ళొచ్చేవి కావు.

ఆయన పోయి ఎనిమిదేళ్ళయింది. ఇవాళ ఆ గదిలో ఉన్నది ఎండ మాత్రమే.

ఇవన్నీ పిల్లకి చెప్పలేదు. అప్పటికి దానికి పన్నెండేళ్ళు. దానికి గుర్తున్న నాన్న వేరు. సైకిలు ముందు కూర్చోబెట్టుకుని డిపోకి తీసుకెళ్ళి, మెడలో విజిలు వేసి, 'ఊదు, బస్సు కదుల్తుంది' అన్న నాన్న. ఆ విజిలు ఇప్పటికీ దాని పెన్నుల డబ్బాలో ఉంది. దాని నాన్నని దాని దగ్గర్నుంచి లాక్కోవడం నాకిష్టం లేదు. అందుకని, "కాలు నొప్పి, అందుకే ఆగాను," అన్నాను. కారణం గడిలో అదే రాసుకుంది.

భోజనాలయ్యాక రబ్బరు తీసి చెరిపేసింది.

"అదేంటే?"

"వంటింటి గడప దీనికంటే ఎత్తమ్మా. అక్కడ ఒక్కసారీ ఆగలేదు. డాబా మెట్లు రెండుసార్లు ఎక్కి దిగావు, ఆగలేదు. ఈ గడప దగ్గరే ఎనిమిది సార్లు ఆగావు. కాలు నొప్పికి గదులు తెలుస్తాయా?"

నేను పొయ్యి వైపు తిరిగాను. "నీ చదువంతా నా మీదే చూపించు."

"ఖాళీగా ఉంచుతాను," అంది. "నీకు చెప్పాలనిపించినప్పుడు చెప్పు."

ఆ రోజు నా భయం ఒక్క గడియారం గురించే అయితే బాగుండేది. ముందు గది బల్ల మీద గురువారం నుంచి ఇంకో కాగితం ఉంది. వేరే ఊళ్ళో నీటి పంపులు తయారుచేసే ఫ్యాక్టరీలో పిల్లకి ఆరు వారాల శిక్షణ. వెళ్తే కానీ ఈ చదువు చదివినట్టు కాదట. సోమవారం లోపల ఇంటి పెద్ద సంతకం కావాలి. కాలేజీలో చేర్చినప్పుడు నాకు రాయడం రాదు కాబట్టి మా మరిది చేశాడు. అప్పట్నుంచీ ప్రతి కాగితమూ ఆయన చేతికే వెళ్తోంది. ఆదివారం ఆదివారం నాలుగున్నరకి వస్తాడు, అన్నగారి కుర్చీలో కూర్చుంటాడు.

గురువారం పిల్ల కాలేజీకి వెళ్ళాక నేనొక్కదాన్నే కూర్చుని ఆ కాగితం వేలు పెట్టి చదివాను. అడుగున సంతకం దగ్గర 'తల్లి / తండ్రి / సంరక్షకులు' అని ఉంది. మొదటి మాట తల్లి. తప్పు చదివానేమోనని మూడుసార్లు చదివాను. తర్వాత కాగితం మడిచి, ఎక్కడిది అక్కడే పెట్టేశాను. ఎవరికీ చెప్పలేదు. నాకు జ్వరమొస్తే డాక్టర్ని తీసుకొచ్చేది మా మరిదే. నల్లా పాడైతే పిలిచేది ఆయన్నే. పిల్ల ఈ చదువులో చేరతానన్న రోజు, "రేపు ఏదైనా జరిగితే మాత్రం నా గుమ్మం తొక్కొద్దు," అన్నాడు. ఆ మాట మూడేళ్ళుగా నా పక్కనే పడుకుంటోంది.

ఆ రోజూ ఆదివారమే. నాలుగున్నరకి వచ్చాడు. టీ పట్టుకుని వెళ్ళాను. గడప దగ్గర కాళ్ళు ఆగిపోయాయి. మూలన స్టూలు మీద కూర్చున్న పిల్ల నొక్కిన గడియారం చప్పుడు వినిపించింది.

"రా వదినా, గుమ్మంలో కాపలా ఏంటి?" అన్నాడు.

టీ తాగుతూ శిక్షణ కాగితం చదివాడు. రెండోసారి చదవకుండానే బల్ల మీద పెట్టేశాడు. "ఆరు వారాలు. ఊరు కాని ఊరు. మగాళ్ళ మధ్య మిషన్ల దగ్గర నిలబడాలి. వద్దమ్మా. వచ్చే ఏడు చూద్దాం."

"వచ్చే ఏడు ఉండదు బాబాయ్. ఇప్పుడే."

"అయితే మానెయ్. ఏం వదినా?"

అలవాటు ప్రకారం 'అలాగే' అనాలి. నాలుక మీదికి వచ్చింది కూడా. మింగాను. ఆయన నా జవాబు కోసం ఆగలేదు, చెయ్యి చాపి పిల్ల ఒళ్ళో ఉన్న అట్ట తీసుకున్నాడు.

"ఏంటమ్మా ఇంజనీరూ ఇది? తొమ్మిది కాగితాలా! వంట చేసి గిన్నెలు తోమడానికా?" తిప్పుతూ పోయి నవ్వాడు. "ఈ చందమామలేంటి? ఆలస్యమా? ముందు గది గడప, ముందు గది గడప... పదకొండు! అన్నయ్య ఊరికే అనేవాడు కాదు, మా ఆవిడ కాళ్ళు గడపకి అతుక్కుపోతాయని. మరి కారణం రాయలేదేం? నేను చెప్తా, రాసుకో. బద్ధకం."

పిల్ల పెన్సిలు చెవి వెనక పెట్టేసుకుంది.

"నువ్వు రాయవా? అయితే నేనే రాస్తా," అని జేబులోంచి పెన్ను తీసి మూత విప్పాడు.

ఆ పెన్ను మొన కాగితం దగ్గరికి వెళ్ళడం చూశాను. ముప్పై ఏళ్ళు నా ఆలస్యానికి ఎవరెవరో పేర్లు పెట్టారు. బద్ధకం, మొద్దుతనం, పొగరు, పరధ్యానం. ఒక్కరూ నన్ను అడగలేదు. ఎంత ఆలస్యమైందో చెప్పిన గడియారం కింద బతికాను, ఎందుకైందని అడిగిన గడియారాన్ని ఇవాళే చూశాను. అడిగింది కూడా ఎవరు? నేను కన్న పిల్ల. దానికి కాలు నొప్పని అబద్ధం చెప్పాను.

"ఇటివ్వండి," అన్నాను.

ఏం అడిగానో ఆయనకి అర్థం కాలేదు. పెన్ను నేనే తీసుకున్నాను, అట్ట కూడా. మొదటి అక్షరం గడి దాటిపోయింది. అయినా రాశాను. భయం.

తర్వాతి చందమామ వెతుక్కున్నాను. దాని పక్కన కూడా రాశాను. భయం. కాగితం తిప్పాను. భయం. పదకొండూ పూర్తయ్యేదాకా ఆ గదిలో కాగితం తిరిగిన చప్పుడు తప్ప ఇంకేం లేదు. ఈసారి పేజీలు తిప్పుతున్నది నేను.

"భయమేంటి వదినా?" అన్నాడు చివరికి. నవ్వుదామనుకున్నాడు, రాలేదు. "ఇంట్లో ఎవరున్నారు నిన్ను భయపెట్టడానికి?"

పిల్ల వైపు చూడలేకపోయాను. దాని నాన్నని తీసేసుకున్నాననే అనుకున్నాను.

"బాబాయ్," అంది పిల్ల. గొంతు చాలా చిన్నగా ఉంది. "చిన్నప్పుడు నేను ఆ తలుపు వెనకాల నిలబడి లెక్కపెట్టేదాన్ని. అమ్మ టీ పట్టుకుని ఇక్కడ ఆగితే ఒకటి, రెండు, మూడు అని. ఇరవైలోపు లోపలికి వెళ్తే ఆ రోజు ఏం కాదు. నలభై దాటితే నేను వెళ్ళి మంచం కింద దూరేదాన్ని."

మరిది కిటికీ వైపు చూశాడు. ఎనిమిదేళ్ళుగా నేను దాస్తున్నానని నేను అనుకుంటున్నాను, అదీ నా దగ్గర దాస్తోందని నాకు తెలీదు.

బల్ల మీది శిక్షణ కాగితం నా ముందుకి లాక్కున్నాను.

"అది నేను పెట్టాల్సిన సంతకం వదినా," అన్నాడు.

"ఇక్కడ తల్లి అని ఉంది."

"రేపు ఏదైనా జరిగితే?"

"నాకు తెలీదు," అన్నాను. "భయంగానే ఉంది."

పంతులమ్మ అరుగు మీద నేర్చుకున్న నా పేరు పూర్తిగా, పొట్టి చెయ్యకుండా రాశాను. ఆయన లేచి చెప్పులేసుకున్నాడు. 'వస్తా' అనలేదు. గేటు చప్పుడైంది. వచ్చే ఆదివారం వస్తాడో రాడో, నాకు జ్వరమొస్తే ఎవర్ని పిలవాలో ఆలోచించడం అప్పుడే మొదలైపోయింది.

పిల్ల అట్ట ఒళ్ళో పెట్టుకుని పెన్సిలు పట్టుకుంది. రోజు ఇంకా అవలేదు కదా, రాయాలి. 'సంతకం' అని రాసి, గుర్తు పెట్టాల్సిన గడి దగ్గర ఆగి నా మొహంలోకి చూసింది.

"గుండ్రం పెట్టు," అన్నాను. "పనే."